చెయ్యి కడిగిన ఇల్లు

తిన్నాడు. దాచేదేముంది, తిన్నాడు. గిన్నె ఖాళీ చేసి, ఇంకో గరిటె పోస్తుంటే వద్దనకుండా అదీ తాగాడు. మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సెక్కి, కిటికీ పక్కన భార్య చెంగమ్మను కూచోబెట్టి, తాను ఇవతల కాళ్ళు ముడుచుకుని కూచున్న మునిరత్నం మనసులో రెండు రోజులుగా తిరుగుతున్నది ఈ ఒక్క ముక్కే. తిన్నది లిస్బన్‌లో, ఆల్ఫామా అనే పేటలో, పౌలో అనే పిల్లవాడి అవ్వ ఇంట్లో. ఆ పౌలోనే చేసుకుంటానని చెల్లెలి కూతురు శాలిని పట్టుబట్టింది. ఇంకెవరింట్లో తిన్నా నష్టం లేదు. సంబంధం విచారించడానికి పోయినవాడు మాట ఖాయమయ్యేదాకా ఆ ఇంట చెయ్యి కడగకూడదు. నీళ్ళు తాగొచ్చు, మొహమాటానికి కాఫీ తాగొచ్చు, కూచుని తిని చెయ్యి కడిగితే మాత్రం ఒప్పుకున్నట్టే లెక్క. ఈ కట్టుబాటు మునిరత్నం పెట్టింది కాదు, తాతలనాటిది. కానీ ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా తిరిగి, తంబళ్లపల్లె నుంచి కుప్పం దాకా ఏ ఇంట్లో పిల్లనివ్వాలన్నా పిలిచి అడిగే మనిషయ్యాక, దాన్ని పదిమందికీ చెప్పి పాటింపజేసింది అతనే. చెయ్యి కడిగినాక నోరెట్ల లేస్తాది అని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు తానే కడిగి వచ్చాడు. అవతల కుప్పంలో శాలిని తల్లి రాజేశ్వరి అన్న కోసం ఎదురుచూస్తోంది, వద్దనే మాట మోసుకొస్తాడని.

"నువ్వు పోయి విచారిచ్చుకోని రా అన్నా. నేనంటే అది వినదు. నువ్వు వద్దంటే వింటాది," అని పంపింది రాజేశ్వరి. శాలిని కూడా ఫోనులో అదే అన్నది, తల్లి కోరికను తలకిందులు చేసి: "మామా, నువ్వేమంటే అదే. నువ్వు వచ్చి సూడు." ఇద్దరూ కలిసి బరువంతా మేనమామ నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నారు. ఎవరి నమ్మకం వాళ్ళది. మధ్యలో నలిగేది నేను, అనుకున్నాడు మునిరత్నం. బస్సు టమోటా మార్కెట్టు పక్కగా మలుపు తిరిగింది. క్రేట్లు దింపుతున్న లారీల మధ్య ఒక ఆటో ఇరుక్కుపోయి హారను కొడుతోంది. చితికిన టమోటాల పులుపు వాసన బస్సంతా నిండింది. ఈ టమోటా మనది కాదు మామా, అని లిస్బన్‌లోని బెలెం పేటలో, నది ఒడ్డున, నీళ్ళలోకి పోబోతున్న ఓడలాగా కట్టిన తెల్లరాతి కట్టడం కింద నిలబడి శాలిని చెప్పింది. మిరపకాయ, టమోటా, జామకాయ, అన్నీ వీళ్ళ ఓడల్లో వచ్చినాయంట. మరి అంతకుముందు మనోళ్ళు పప్పులో ఏం వేసుకునేవాళ్ళు? అడిగితే పిల్లకు తెలియలేదు. చింతకాయే అయివుంటుంది. ఆ సంగతి అతనికి ఇప్పటికీ తెగలేదు. అంత చదువుకుని అంత దూరం పోయిన పిల్ల, పప్పులో ఏం వేసేవాళ్ళో తెలుసుకోలేదు చూడు.

ఏడు కొండల మీద కట్టిన ఊరట అది. ఆ మాట వినగానే విమానాశ్రయం బయటే చేతులు జోడించాడు, ఏ కొండైతేనేం అని. తర్వాత ఆ కొండలెక్కలేక మోకాళ్ళు పట్టుకుని ఆ దండాన్ని వెనక్కి తీసుకుందామనుకున్నాడు. కానీ ఊరు చూడాలి. మునిరత్నం విచారణకు ఒక పద్ధతుంది. పిల్లవాణ్ణి గురించి అడగడు. పిల్లవాడు ఎలాంటివాడని అడిగితే ఏ ఊరివాడైనా బంగారమనే అంటాడు, బయటివాడి ముందు సొంత ఊరి పిల్లవాణ్ణి ఎవడు చెడ్డ చేస్తాడు. అతను వీధిని చూస్తాడు. అంగడి దగ్గర కూచుంటాడు, క్షవరం చేయించుకుంటాడు, పిండిమర దగ్గర వరసలో నిలబడతాడు. చూసేది ఒక్కటే. మన పిల్ల ఈ వీధిలో ఒక రాత్రి గట్టిగా ఏడిస్తే ఏ కిటికీ తెరుచుకుంటుంది? తెరుచుకునే కిటికీ ఒక్కటున్నా చాలు, ఇవ్వొచ్చు. లేకపోతే ఆ పిల్లవాడు కలెక్టరైనా వద్దు. ఈ లెక్క ఇన్నేళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పలేదు. చెబితే నవ్వుతారు, బాగా ఏడిపించేవాణ్ణి వెతుకుతున్నావా అని.

కాబట్టి లిస్బన్‌లోనూ అదే చేశాడు. శాలిని ఆఫీసుకు పోగానే, తువ్వాలు భుజాన వేసుకుని, ఆమె ఇచ్చిన బస్సు కార్డు జేబులో పెట్టుకుని బయలుదేరేవాడు. ఊరు అర్థం కావాలంటే స్టేజీ స్టేజీకి దిగి చూడాలి, అది కండక్టరుకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదట బైషా అనే పేట. ఎప్పుడో భూకంపానికి ఊరంతా కూలితే గీత గీసినట్టు మళ్ళీ కట్టారట, వీధులన్నీ నిటారుగా ఉన్నాయి, కింద అంగళ్ళు, పైన హోటళ్ళు, సాయంత్రం అయ్యేసరికి కాపురమున్నవాడు ఒక్కడూ కనపడలేదు. ఇక్కడ ఏడిస్తే వినేది సీసీ కెమెరా ఒక్కటే. తర్వాత నది ఒడ్డున కొత్తగా కట్టిన అద్దాల పేట, శాలిని ఆఫీసున్న చోటు. శుభ్రమంటే శుభ్రం, నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. కానీ అద్దం తెరుచుకోదు, ఏసీ వేసుకునే అద్దాలవి. మునిరత్నం ఒక భవనం కింద చాలాసేపు నిలబడి పైకి చూస్తుంటే కాపలామనిషి వచ్చి ఏదో అడిగాడు, అతను తలూపి వచ్చేశాడు. కాంపో దె ఔరీక్ అని ఇంకో పేట, అక్కడ మాత్రం కడుపు నిండిన సంసారులున్నారు, చేతిలో రొట్టె సంచీ, మొహాన చిన్న నవ్వు. మిఠాయి అంగట్లో నిలబడే కాఫీ తాగుతారు, కూచుంటే ఏదో పోయినట్టు. రెండు గుక్కల కాఫీ అది, కషాయం లాంటిది. ఒకరితో ఒకరు మెల్లగా మాట్లాడుకుంటారు. మంచివాళ్ళే. కిటికీ తెరుస్తారు కూడా, కానీ తెరిచి పోలీసుకు ఫోను చేస్తారు, మెట్లు దిగి రారు. ఇలా ఒక్కో పేటకు తనలో తానే మార్కులు వేసుకుంటూ తిరిగాడు.

"ఏంది, రెండు దినాల్నించి సూస్తాండా, మీలో మీరే గొణుక్కుంటాండారు?" అన్నది చెంగమ్మ కిటికీలోంచి తల తిప్పకుండానే.

"ఏం లేదు."

"ఏం లేకుంటే గొణగరు మీరు."

పుంగనూరు వచ్చింది. తాను పనిచేసిన డిపో గేటు, గేటు పక్కన టీ బంకు, ఎవరో గుర్తుపట్టి చెయ్యి ఊపారు, మునిరత్నం ఊపాడు, ఎవరో తెలియలేదు. బస్టాండు వెనక హనుమంతు క్షవరశాల, ఈ తాలూకాలో సగం సంబంధాలు కుదిరిందీ చెడిందీ ఆ కుర్చీలోనే. మంగలి చేతిలో గడ్డం పెట్టినవాడు అబద్ధం చెప్పడు, కత్తి గొంతు మీదుంటుంది గదా. అందుకే లిస్బన్‌లో కూడా మౌరారియా అనే పేటలో క్షవరశాల చూడగానే ప్రాణం లేచొచ్చింది. కోట కిందుగా ఇరుకు సందులు, బంగ్లాదేశీలు, నేపాలీలు, చైనావాళ్ళు, ఒక గుమ్మంలో పంజాబీ పాట, పక్క గుమ్మంలో మసీదు, ఎదురుగా మేరీమాత గూడు. ఎవరి దేవుడు వాళ్ళకు, ఎవరి బియ్యం మూట వాళ్ళకు. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఓడిపోయిన ముస్లిములను కోట బయటికి తోసి ఉండమన్న చోటట అది, ఇప్పటికీ బయటినుంచి వచ్చినవాళ్ళే ఉంటున్నారు, చోటుకు కూడా నొసటి రాత ఉంటుందేమో. బంగ్లాదేశీ మంగలికి వచ్చిన హిందీ, మునిరత్నానికి వచ్చిన హిందీ కలిస్తే ఒక మనిషి హిందీ. అయినా ఫోనులో పౌలో ఫోటో చూపిస్తే గుర్తుపట్టాడు. ఈ అబ్బాయి తల్లి ట్రాము నడుపుతుంది, అన్నాడు. మునిరత్నం మెడ చుట్టూ గుడ్డతోనే లేచి కూచున్నాడు. పిల్లవాడి తల్లి ప్రభుత్వోద్యోగం చేస్తుందని శాలిని చెప్పింది గానీ, ఏమి ఉద్యోగమో చెప్పలేదు. వాళ్ళ కులమేందని ఇక్కడ చుట్టాలందరూ అడుగుతారు, ఏం చెప్పాలో తెలియక అతను విమానంలోనే తల పట్టుకున్నాడు. ఇప్పుడు జవాబు దొరికింది. మన డిపార్టుమెంటే.

ఆ మర్నాడు ఆ పసుపుపచ్చ ట్రామే ఎక్కాడు, ఆమె నడిపేదని తెలిసి కాదు, ఎవరు నడిపినా చూద్దామని. మంచం పట్టనంత సందులో గోడకు జానెడు ఎడంతో వంపులు తిప్పుతుంటే, డ్రైవరు సీటులో ఆడమనిషి భుజాలు చూసి అతనికి ఈర్ష్య పుట్టింది. అంత ఇరుకులో కూడా ఒక ముసలాయన చెయ్యెత్తితే ఆపి ఎక్కించుకుంది, అది స్టాపు కాదు. ఆమె పౌలో తల్లి అయినా కాకపోయినా, స్టాపు కాని చోట ముసలివాడి కోసం ఆపే మనిషి. దానికి కూడా మార్కులు వేశాడు. శాలిని ఇల్లు గ్రాసా అనే కొండ మీద. సాయంత్రమైతే చెట్ల కింద రాతి బల్లల చుట్టూ ముసలివాళ్ళు పేకాడతారు, కింద ఊరంతా ఎర్ర పెంకులు, అవతల నది. అక్కడ అతను రోజూ కూచున్నాడు. ఆట అర్థం కాలేదు, తొండి మాత్రం అర్థమైంది. మూడో రోజు ఒకడు పక్కవాడి ముక్కలు తొంగి చూస్తుంటే మునిరత్నం వేలు చూపించి పట్టించాడు, అప్పటినుంచి తాను వస్తే కుర్చీ జరిపేవాళ్ళు. శాలిని ఇంట్లో తలుపు వెనక మగవాళ్ళ చెప్పుల జత ఉంది, అతని పాదానికి రెండింతలు. చూసి చూపు తిప్పుకున్నాడు. విచారణకు పోయినవాడు అడగని ప్రశ్నకు జవాబు తేకూడదు.

బస్సు పలమనేరు దాటి వి.కోట రోడ్డు పట్టింది. ఏనుగులు దాటే చోటు, జాగ్రత్త, అని అటవీ శాఖ బోర్డు. ఏనుగు చదువుతుందా ఆ బోర్డు, అని ప్రతిసారీ అనేవాడు డ్యూటీలో, ఈసారి అనలేదు. మనసు ఆల్ఫామా చేరింది. అసలు ఆదివారం పౌలో అవ్వ ఇంటికి తానే తీసుకుపోతానని శాలిని చెప్పింది. చెప్పి పోతే అది విచారణ కాదు, చుట్టరికం. అందుకని ఒక రోజు ముందే, ఎవరికీ చెప్పకుండా, ఆ పేటకు ఒంటరిగా దిగాడు. దిగడమంటే నిజంగా దిగడమే, అన్నీ మెట్లు. జూన్ నెల, ఏదో పండగ, సందుల మీద రంగు కాగితాల తోరణాలు, గుమ్మాల ముందు కుంపట్లు పెట్టి చేపలు కాలుస్తున్నారు, పొగలో కళ్ళు మండుతున్నాయి. కిటికీలన్నిటికీ ఉతికిన బట్టలు, లోపలి బట్టలతో సహా, అడ్డూ ఆపూ లేకుండా ఆరేసి ఉన్నాయి. కిటికీల్లో చిన్న కుండీల్లో తులసి లాంటి మొక్కలు. ఒకామె అరచెయ్యి మొక్క మీద ఆనించి, ఆ అరచేతిని వాసన చూసుకుంటోంది, మొక్కకు ముక్కు తగలనీయకుండా. దేవుడి పువ్వు వాసన చూడకూడదని మనకు చెప్పినట్టే ఎవరో వాళ్ళకూ చెప్పారన్నమాట. ఆ మలుపులో గోడ మీద ఒక ముసలమ్మ ఫోటో, మనిషంత పెద్దది, నల్లరంగు తెల్లరంగుల్లో. పక్కన ఇంకో ముసలాయనది. మునిరత్నం ఆగిపోయాడు. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు పోతే నివాళి బోర్డు కట్టినట్టే, ఇక్కడ గోడకే వేసేస్తారు కాబోలు. పోయినామె మొహం ఎంత కళగా ఉంది, పాపం. చెప్పులు విప్పి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, ఆ తల్లి ఆత్మ శాంతించాలని అనుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆ తల్లి గరిటె పట్టుకుని పక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

బతికున్నవాళ్ళ ఫోటోలే అవి. పేటలో ఎప్పటినుంచో ఉంటున్న ముసలివాళ్ళ మొహాలను ఎవరో గోడల మీద అచ్చువేశారట, ఇది ఫలానా వాళ్ళ సందు అని. అదంతా శాలిని తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం ఆ ముసలమ్మకు సంగతి అర్థమైపోయింది. గోడను చూపించి, కళ్ళు మూసి, నాలుక బయటపెట్టి చచ్చినట్టు తల వాల్చింది, మళ్ళీ కళ్ళు తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు మూడు కిటికీలు తెరుచుకున్నాయి. ఏమైందని పైనుంచి అడిగారు, ఆమె చెప్పింది, వాళ్ళూ నవ్వారు. మునిరత్నం చెప్పులు వెతుక్కుంటుంటే చెయ్యి పట్టుకుని లోపలికి లాగి కూచోబెట్టింది. గుమ్మంలో బల్ల, బల్ల మీద గిన్నెలు, పొయ్యి మీద కుండ. పండగపూట ప్రతి గుమ్మం అంగడే కదా, ఇదీ అంగడే అనుకున్నాడు. సన్నగా తరిగిన ఆకుకూర, ఉర్లగడ్డ వేసిన చారు, వేడివేడిగా. పైన ఎర్రటి మాంసం ముక్క తేలుతుంటే దేనిదోనని అతను చెంచాతో పక్కకు నెట్టాడు. ఆమె చూసి, అతని గిన్నెలోంచే ఆ ముక్కను వేళ్ళతో తీసి నోట్లో వేసుకుంది. ఎంగిలి. కన్నతల్లి తర్వాత అతని ఎంగిలి తిన్న మనిషి లేదు, చెంగమ్మ కూడా వేరే కంచం పెట్టుకుంటుంది. లేచి జేబులోంచి నోటు తీస్తే ఆమె కోపంగా అతని చేతిని జేబులోకే తోసి, చెంబుతో నీళ్ళు పోసింది, చేతికి.

ఆదివారం శాలిని వెంట మెట్లు దిగుతూ దిగుతూ ఆ మలుపు, ఆ ఫోటో, ఆ గుమ్మం వచ్చేసరికే తాను తిన్నది ఏ ఇంట్లోనో అతనికి తెలిసిపోయింది. పౌలో అవ్వ, పేరు లూర్దెస్ అట, అతన్ని చూడగానే మళ్ళీ నాలుక బయటపెట్టి తల వాల్చింది. పౌలో పాపం ఎర్రబడ్డాడు. ఆ పిల్లవాడి గురించి చెప్పాలంటే, మాట తక్కువ, సిగరెట్టు ఉంది, దేవుణ్ణి నమ్మడు, అవ్వ ఇంటికి గ్యాసు సిలిండరు భుజాన వేసుకుని ఆ మెట్లన్నీ దిగాడు, పక్కింటామెది కూడా. వెనక్కి వస్తుంటే శాలిని మెల్లగా అడిగింది.

"మామా, నువ్వాడ తింటివా?"

"అంగడనుకుంటి."

శాలినికి ఆ కట్టుబాటు తెలుసు, చిన్నప్పుడు అతని దగ్గరే విన్నది. సందులో చక్రాల పెట్టెలు లాక్కుంటూ పరదేశీలు ఎదురొచ్చారు, ఆ రాళ్ళ మీద ఆ చక్రాల మోత. సగం ఇళ్ళు ఇట్ల వచ్చిపోయేవాళ్ళకు అద్దెకిచ్చేసినారు మామా, అన్నది. మరి లూర్దెస్ పోతే, ఆ పైకిటికీల ముసలమ్మలు పోతే, నువ్వేడిస్తే ఎవరు పలుకుతారు, అని అతను అడగలేదు. కష్టమొస్తే బస్సెక్కి పోయి ఆ ఇంటి అరుగు మీద కూచోవలసినవాడు మేనమామ, ఆ అరుగుకు బస్సు లేదు. అదే అతని భయం, కులం కాదు, మతం కాదు. ఒక గుమ్మంలోంచి పాట వినపడింది, ఎవరో ఆడమనిషి, శోకం పెట్టినట్టు పాడుతోంది, లోపల తినేవాళ్ళంతా చెంచాలు కింద పెట్టేసి వింటున్నారు. ఎవరు పోయారని ఏడుస్తోంది అని అడిగితే ఎవరూ పోలేదు, పాటే అట్ల, అన్నది శాలిని. ఏడుపు వినడానికి అన్నం ఆపేసే ఊరు. అది అతనికి ఇప్పటికీ వింతగానే ఉంది. ఇంటి ముందు ఆగి శాలిని అన్నది, "నువ్వు తిన్న సంగతి నేను అమ్మకు సెప్పను మామా. సెప్తావో సెప్పవో నీ ఇష్టం." ఆ పిల్ల చెప్పేస్తే అతనికి ఎంత సులువయ్యేది.

"నేను మీ ఇంటికొచ్చిన తొలి యాడాది," అన్నది చెంగమ్మ హఠాత్తుగా, "ఒక దినం ఏడుస్తాంటే ఎదురింటి ఇందిరమ్మ వచ్చె. మీ అమ్మతో జగడం పెట్టుకోని, నన్ను వాళ్ళింటికి పిల్చుకోని పోయి అన్నం పెట్టె."

మునిరత్నం ఇటు తిరిగాడు. "నాకు తెలీదే."

"మీకెట్ల తెలుస్తాది. మీరు తిరుపతి డ్యూటీలో ఉంటిరి. ఆయమ్మ రాకుంటే నేను మర్నాడే మా ఊరికి పోయుందును."

"ఇప్పుడు యాల చెప్తాండావు?"

"మీరు నిద్దర్లో కిటికీ, కిటికీ అని పలవరిస్తాండారు. రాత్రంతా నన్ను పండుకోనీలేదు. యాదికొచ్చింది." కొంగు సర్దుకుని మళ్ళీ అడవి కేసి తిరిగింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ వీధులన్నీ విచారించాడు, తన వీధిని ఎవరు విచారించారో, తన ఇంట్లో ఏడుపుకు ఏ తలుపు తెరుచుకుందో ఇవాళ తెలిసింది. ఇందిరమ్మ పోయి చాలా కాలమైంది. ఆమె పోయాక చెంగమ్మ ఏడవలేదా, ఏడిస్తే ఎవరొచ్చారు, అడుగుదామని నోరు తెరిచాడు. అప్పటికి ఎవరూ రానక్కర్లేకుండా ఆ వీధంతా ఆమెదే అయివుంటుంది. అడగలేదు. వి.కోట పోయింది. గ్రానైటు పలకలు పేర్చిన లారీ ముందు పోతుంటే బస్సు దాని వెనకే పాక్కుంటూ కుప్పం చేరింది.

ఇంట్లో రాజేశ్వరి మంచినీళ్ళిచ్చింది. చెంగమ్మ బ్యాగు లోపల పెట్టేసి, వరండాలో గోడకు చేరగిలబడింది. బావ శ్రీనివాసులు టీవీ కట్టేశాడు. ఎవరూ ప్రయాణం ఎట్లుండిందని అడగలేదు. మునిరత్నం నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చెల్లెలి మొహం చూడకుండా గ్లాసునే చూస్తూ చెప్పాడు.

"నేనాడ చెయ్యి కడిగినానమ్మా."

రాజేశ్వరి నిలబడే ఉండిపోయింది. వీధిలో కూరగాయల ఆటో మైకులో అరుస్తూ పోయింది. అంగడనుకున్నానని చెబితే విడుదల దొరికేది, మునిరత్నానికి ఆ మాట గొంతుదాకా వచ్చింది, మింగేశాడు. తెలిసి తిన్నా అక్కడే తిని ఉండేవాడినని ఆ క్షణంలో అతనికి తెలిసింది.

రాజేశ్వరి మెల్లగా కింద కూచుంది. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అడిగింది.

"ఇల్లు యాడుంది?"

"కొండ పక్కన. ట్రాము దిగితే, ఒక చర్చి, దాని పక్కన సందు. ఆడ్నుంచి మెట్లు."

"మెట్లా?"

"అన్నీ మెట్లే. చానా ఉండాయి."

రాజేశ్వరి రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని చూసుకుంది.

"అన్ని మెట్లు నేనెట్ల ఎక్కేదన్నా?" అన్నది.

"వాళ్ళవ్వ కూడా ఎక్కలేక సగంలో కూచుంటాది," అన్నాడు మునిరత్నం. "నువ్వూ ఆయమ్మ పక్కన కూచో."